చంకలో చెప్పులు

"మాదిగోనివై ఉండి డప్పు కొట్టరాదా?"

ఈ మాట నన్ను మొదట అడిగింది పైకులపోడు కాదు. నా దోస్తే. 2010లో నేను ఉస్మానియాలో బీఈడీ చదువుతున్న. ఆర్ట్స్ కాలేజీ ముందు రోజుకో సభ, రోజుకో ధూంధాం. ఒకరోజు డప్పు కొట్టే పిల్లగాడు రాలేదు. అందరి కళ్ళూ నా మీదికి తిరిగినయ్. ఎవరో డప్పు తెచ్చి నా భుజానికి తగిలించారు. రెండు దెబ్బలు వేశాను. మూడో దెబ్బకు చెయ్యి ఆడలేదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏడుపొస్తుందని.

డప్పు నా దగ్గర్నుంచి తీసుకుని ఒక బీసీ మిత్రుడు కొట్టాడు. అతను రెండేళ్ళు ఒక కళాబృందంలో తిరిగి నేర్చుకున్నాడు. బాగా కొట్టాడు. కొట్టడం అయినంక నా భుజం తట్టి, "సిగ్గుపడుతున్నవ్‌రా, మీ నెత్తుట్లనే ఉంటది గదా" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు.

నెత్తుట్ల ఉంటుందన్న ఆ మాటతోనే నా పేచీ. అది పన్నెండేళ్ళు నాలో ముల్లులాగా ఉండిపోయింది.

మా అయ్య డప్పు కొట్టడం ఎనిమిదేళ్ళు వచ్చేదాకా చూసిన. 1996 ఎండాకాలంలో ఊళ్ళె ఒక పెద్దింట్ల సావు అయ్యింది. పొద్దున కబురొచ్చింది. అయ్యకు జరం. "రానన్నడని చెప్పు" అని అవ్వ అన్నది. చెప్పే ధైర్యం ఎవరికుంది? అయ్య పోయిండు. సద్ది తీసుకుని నేను వెనకాల పోయిన. మధ్యాహ్నానికి జరం ఎక్కువై దెబ్బ నెమ్మదించింది. ఆ ఇంటి పడుచుపిల్లగాడు ఒకడు వచ్చి డప్పును కాలితో తన్నిండు. డప్పు ఎక్కడుంటుంది? మనిషి ఒంటిని ఆనుకునే ఉంటుంది. డప్పును తన్నడమంటే మా అయ్యను తన్నడమే. అయ్య పడి, లేచి, మళ్ళీ కొట్టిండు. పీనుగ లేచేదాకా కొట్టిండు.

ఆ రాత్రి అయ్య డప్పును అటక మీద పడేసిండు. చిర్రను పొయ్యిలో పెట్టిండు. అవ్వతో, "నా కొడుకు చేతిల పలక ఉండాలె గని డప్పు ఉండొద్దు" అన్నడు. కోస్తా దిక్కు డప్పునే పలక అంటారని నాకు చాలా ఏండ్ల తర్వాత తెలిసింది. మా అయ్యకు తెలిసి ఉండదు.

నా చేతిలో పలకే ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. 2012 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను.

ఆరో తరగతిలో శరీర కదలికల పాఠం ఉంది. ఎముకలు కలిసే చోట్లను కీళ్ళు అంటాం. భుజం దగ్గర బంతి గిన్నె కీలు. గిన్నెలో బంతి తిరిగినట్టు చెయ్యి అన్ని దిక్కులా తిరుగుతుంది. మోచెయ్యి మడతబందు కీలు, తలుపు బందులాగా ఒక్క దిక్కే. మెడ దగ్గర బొంగరపు కీలు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు, ఒకదాని మీద ఒకటి జారే జారెడు కీళ్ళు. ఏ ఏడైనా ఇదే పాఠం. పిల్లలను నిలబెట్టి చేతులు తిప్పమంటాను. క్రికెట్‌లో బౌలింగ్ ఏ కీలు, తలుపు తీయడం ఏ కీలు అని అడుగుతాను.

2022 మొదట్లో ఒకరోజు ఈ పాఠం చెప్తుంటే వెనక బెంచీలో పిల్లవాడు లేచి, "సార్, డప్పు కొట్టేది ఏ కీలు?" అని అడిగాడు.

క్లాసంతా నవ్వింది. వాడు మాదిగ గూడెం పిల్లవాడు. వాళ్ళ నాన్న సావులకు డప్పుకు పోతే వీడూ చిన్న డప్పు పట్టుకుని పోతాడు. ఆ రోజుల్లో బడికి రాడు. హాజరు పట్టీలో వాని పేరు ఎదురుగా సున్నాలు నేనే చుట్టాను. నవ్వే పిల్లలకు అదంతా తెలుసు. కానీ వాడు నవ్వించడానికి అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నాకు జవాబు తెలియలేదు. "మణికట్టు" అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. "కాదు సార్, మణికట్టుతో కొడితే నొప్పి పెడుతది" అన్నాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో మా పెద్దయ్య దగ్గరికి పోయిన. అయ్య కంటే పదేండ్లు పెద్ద. గూడెంలో ఆయన తర్వాత ఆయనంతటోడు లేడంటారు. "పెద్దయ్యా, డప్పు నేర్పు" అన్న. నన్ను కిందికీ పైకీ చూసి, "మీ అయ్యకు చెప్పినవా?" అన్నడు. చెప్పలేదన్న. కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. లేచి లోపలికి పోయి డప్పు తెచ్చిండు.

చెక్క చట్రానికి మేకతోలు. చింతగింజల జిగురుతో అతికింది. వరిగడ్డి మంట వేసి దాని ముందర తిప్పిండు. తోలులోని చెమ్మ ఆరితే బిగుసుకుంటుంది, బిగుసుకుంటే శబ్దం పైకి లేస్తుంది. ఇది నేను పిల్లలకు చెప్పే సైన్సే. పెద్దయ్య థర్మామీటరు చూడడు, వేలి గోటితో తట్టి చెవి పెడతాడు. డప్పు ఎడమ భుజాన వేలాడాలి, ఎడమ రొమ్మును ఆనాలి. ఎడమ చెయ్యి చట్రం మీదికి వచ్చి సన్నపాటి చిటికెన పుల్లను పట్టాలి. కుడిచేతిలో పొట్టిగా, మందంగా ఉండే చిర్ర. చిర్ర దెబ్బ వేస్తుంది, చిటికెన పుల్ల ఆ దెబ్బల నడుమ జాగాను నింపుతుంది. నోటితో "డండనక" అని పలికి, అదే డప్పు మీద పలికించాలి. నోరు ముందు, చెయ్యి తర్వాత.

మూడు రోజులు కొట్టిన. నాలుగో రోజు కుడి భుజం లేవలేదు. మెడ పట్టేసింది. అరచేతిలో బొబ్బలు. దెబ్బలో మాత్రం గూడెం కుక్క కూడా లేచి చూసేంత సత్తా లేదు. నెత్తుట్ల ఉంటే ఇట్లెందుకవుతుంది? నాది మా అయ్య నెత్తురు కాదా?

పెద్దయ్య అరుగు మీద కూచుని చుట్ట తాగుతూ నన్ను చూస్తున్నడు. ఆఖరికి అన్నడు:

"బిడ్డా, నీకు డప్పు రాక గాదు. నువ్వు దొర ముంగట కొడుతున్నవ్. ఈడ దొర లేడు."

నాకు కోపమొచ్చింది. "నేను పుట్టేటాళ్ళకు దొరలెక్కడున్నరు పెద్దయ్యా?" అన్న.

ఆయన లేచి వచ్చి నా కుడి మోచెయ్యి పట్టుకున్నడు. అది నా పక్కటెముకలకు అతుక్కుని ఉంది. నాకు తెలియనే తెలియదు. బలంగా ఇవతలికి గుంజిండు. వదలంగనే మళ్ళీ పోయి అతుక్కుంది. "ఇగో, సూడు. మీ తాత గూడ ఇట్లనే నడిచేటోడు" అన్నడు.

మా తాత కాలంలో, పెద్దయ్య చిన్నతనంలో కూడా, గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడవాలి. విడిచి చేత పట్టుకుంటే కనబడతయి, కనబడితే తప్పు. అందుకని చంకల పెట్టుకునేటోళ్ళు. ఊరందరికీ చెప్పులు కుట్టింది మేము. మా చెప్పులు మాత్రం మా చంకల్లో. చంకలో చెప్పులు జారకుండా మోచెయ్యి ఒంటికి అదిమి, భుజాలు ముందుకు ముడుచుకుని, తల వంచి నడవాలి. ఇట్లా ఒకరోజు నడిస్తే అది నడక. నలభై ఏండ్లు నడిస్తే అది ఒళ్ళు. గడీ దాటినంక చెప్పులు కాళ్ళకు వస్తయి గని మోచెయ్యి మాత్రం రాదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. భుజం నొప్పికి మందేమన్నా ఉంటదేమోనని సెల్‌ఫోన్‌లో వెతుకుతుంటే యూట్యూబ్‌లో ఒక చెల్లో పాఠం కనబడింది. చెల్లో అంటే పెద్ద వయొలిన్ లాంటిది. కుర్చీలో కూచుని, మోకాళ్ళ నడుమ నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. ఆ పంతులమ్మ శిష్యుని వీపు మీద చెయ్యి పెట్టి, కమానును వేళ్ళతో నొక్కొద్దు, చేతి బరువు వీపులోంచి భుజంలోకి, భుజంలోంచి కమానులోకి దానంతట అదే దిగాలి అని చెప్తున్నది. నేను లేచి కూచున్న. పెద్దయ్య చెప్పేది ఇదే కదా!

తర్వాత ఆ వాద్యం గురించి దొరికింది దొరికినట్టు చదివిన. స్పెయిన్‌లోని కతలోనియాలో పాబ్లో కసల్స్ అని ఒక చెల్లో విద్వాంసుడు ఉండేవాడు. 1876లో పుట్టి 1973లో పోయాడు. ఆయన చదువుకునే రోజుల్లో చెల్లో నేర్చుకునేవాళ్ళను కుడి చంకలో పుస్తకం పెట్టుకుని వాయించమనేవారట. పుస్తకం కింద పడొద్దు. అంటే మోచెయ్యి ఒంటిని వదలొద్దు. కసల్స్ ఆ పద్ధతిని కాదన్నాడు. చెయ్యిని విడిపించాడు. చెల్లో వాదనమే మారింది.

అది చదివి చాలాసేపు అట్లనే కూచున్న. వాళ్ళ చంకలో పుస్తకం, మా చంకలో చెప్పులు. పుస్తకం పెట్టింది నేర్పడానికి, చెప్పులు పెట్టించింది అణచడానికి. రెండూ ఒకటని నేను అనను. కానీ చెయ్యికి జరిగింది ఒకటే. కసల్స్ చెయ్యిని విడిపిస్తే దాన్ని టెక్నిక్ అన్నారు. దాన్ని నేర్పే సంగీత కళాశాలలున్నాయి, పరీక్షలున్నాయి, పట్టాలున్నాయి. మా పెద్దయ్య చదువు లేకుండానే అదే సంగతి కనిపెడితే, దాన్ని నెత్తురన్నారు. కులవృత్తి అన్నారు. నెత్తురు అంటే ఇంక నేర్చుకున్నది ఏమీ లేదన్నమాటే. తరతరాలు అరచేతులు పగలగొట్టుకుని సంపాదించిన చదువును ఒక్క మాటతో గుంజుకున్నారు.

సరే, నా చంకలో చెప్పులు లేవు. మరి నా మోచెయ్యి ఎందుకు అతుక్కుంది?

ఆలోచిస్తే ఒక్కొక్కటే యాదికొచ్చింది. హాస్టల్లో అన్నం పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డప్పుడు. కాలేజీలో స్కాలర్‌షిప్పుల పేర్లు అందరి ముందూ గట్టిగా చదివినప్పుడు. ఉద్యోగం వచ్చినంక కిరాయి ఇల్లు కోసం తిరిగితే, గేటు సగం తీసి "మీరేమిట్లు?" అని అడిగినప్పుడు. స్టాఫ్‌రూంలో నేను అడుగు పెట్టగానే రిజర్వేషన్ల ముచ్చట ఆగిపోయినప్పుడు. ఏ ఒక్కసారీ ఎవరూ నన్ను కొట్టలేదు. కానీ ప్రతిసారీ నా భుజాలు కొంచెం దగ్గరికొచ్చినయ్. చంకలో ఫైలు పెట్టుకుని తొందర తొందరగా నడవడం నాకు అలవాటు. అది హుషారు అనుకున్న. కాదు. జాగా తక్కువ తీసుకోవాలన్న భయం.

ఇక్కడ నా పాఠం నాకే అక్కరకొచ్చింది. కండరం లాగగలదు గని నెట్టలేదు. అందుకే చేతిని మడవడానికి ఒక కండరం, చాపడానికి ఇంకొక కండరం. జబ్బ ముందువైపు ద్విశిర కండరం, వెనకవైపు త్రిశిర కండరం. ఒకటి బిగుసుకున్నప్పుడు రెండోది సడలాలి. అప్పుడే చెయ్యి హాయిగా కదులుతుంది. ఇది బోర్డు మీద బొమ్మ గీసి పదేండ్లుగా చెప్తున్న. చెప్పనిది ఒకటుంది. భయపడ్డ మనిషి రెండింటినీ ఒకేసారి బిగిస్తాడు. అప్పుడు చెయ్యి కట్టె అయిపోతుంది. బలమంతా లోపల్లోపలే కొట్లాడుకుని ఖర్చయిపోతుంది. దెబ్బ పడ్డంక చిర్ర లేవదు, తోలుకు అతుక్కుని శబ్దాన్ని చంపుతుంది. నేను మూడు రోజులు చేసింది అదే. తోలును కొట్టలేదు, నన్ను నేనే పట్టుకుని కూచున్న.

తెల్లారి పెద్దయ్య డప్పు తీసి పక్కన పెట్టిండు. "నడువు" అన్నడు. గూడెం ఈ కొస నుంచి ఆ కొసకు ఉత్త చేతులతో నడిపించిండు. "మడిమ ఆనాలె. మడిమ ఆనకుంటె దెబ్బ లేవది." దీనికీ నా దగ్గర లెక్కుంది. చెయ్యి లేవకముందే కాళ్ళ కండరాలు, నడుం కండరాలు సిద్ధమవుతాయి. లేకపోతే చెయ్యి విసిరినప్పుడల్లా మనిషి తూలుతాడు. అంటే దెబ్బ నేల నుంచి మొదలై కాలు, నడుము, వీపు, భుజం దాటి మణికట్టుకు వస్తుంది. మణికట్టు ఆఖరి బంట్రోతు. నేను వానితోనే పనంతా చేయించాలని చూసిన.

వారం రోజులు నడిచిన. తర్వాత చిర్ర ఇచ్చిండు. "పట్టుకో, పిసకకు. పిట్టను పట్టుకున్నట్టు." కొట్టడం కాదు, వదలడం నేర్పిండు. చెయ్యి లేపు, వదులు. అది పడుతుంది, తోలే దాన్ని పైకి పంపుతుంది. పంపినప్పుడు అడ్డం పోకు. నెమ్మదిగా, చాలా నెమ్మదిగా. తొందరపడితే పాత ఒళ్ళే ముందుకొస్తుంది. మోచెయ్యి అతుక్కున్నప్పుడల్లా పెద్దయ్య "దొర వచ్చిండు" అనేటోడు. నేను విడిపించుకునేటోణ్ణి. మొదట్లో రోజుకు వంద సార్లు వచ్చేటోడు దొర. తర్వాత యాభై. సెలవులు అయిపోయేనాటికి పది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఒకరోజు పొద్దుగూకంగ దెబ్బ పడ్డది. నేను కొట్టినట్టు లేదు. పడ్డది, అంతే. మడిమ నుంచి నెత్తి దాకా ఝల్లుమన్నది. పక్కింటి ముసలమ్మ బయటకొచ్చి, "ఎవరు సచ్చిన్రు?" అని అడిగింది. పెద్దయ్య నవ్వి, "ఎవలు సావలే, ఒకడు పుట్టిండు" అన్నడు.

అయ్యకు తెలిసింది. గూడెంలో దాగుతదా? ఇంటికొచ్చి ఏం తిట్టలేదు. "నేను ఇడిసిపెట్టింది నువ్వెందుకు పట్టుకున్నవ్?" అన్నడు. నా చదువంతా ఆ ఒక్క ప్రశ్న ముందు తేలిపోయింది.

అయ్య మాట తేలికైనది కాదు. 1927లో మహద్‌లో అంబేద్కర్ చచ్చిన పశువుల మాంసం తినడం మానమన్నాడు, హీనంగా చూసే పనులను విడవమన్నాడు. మా అయ్య ఆ ఉపన్యాసం చదవలేదు. కానీ చేసిందదే. విడవడమే ఆయన పోరాటం. ఇంకోవైపు చూస్తే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా అదే డప్పును భుజానికెత్తుకుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చేసుకోవచ్చని తీర్పు చెప్పేదాకా ముప్పై ఏండ్లు ఆ డప్పు ఎన్నో ఊరేగింపుల ముందు నడిచింది. ఒకరు విడిచి మనుషులయ్యారు, ఒకరు పట్టుకుని మనుషులయ్యారు. తేడా డప్పులో లేదు. ఎవరు పిలిస్తే కొడుతున్నాం, ఏ ఒంటితో కొడుతున్నాం అన్నదాంట్ల ఉంది. ఇదే అయ్యకు చెప్పిన. ఆయన విన్నడు. ఒప్పుకున్నట్టు చెప్పలేదు.

బడి తెరిచినంక ఆ పిల్లవాణ్ణి పిలిచి, "నువ్వడిగిన దానికి జవాబు దొరికింది. డప్పు ఒక్క కీలు కాదు, అన్ని కీళ్ళూ" అని చెప్పిన. శరీర కదలికల పాఠానికి డప్పు తెచ్చిన. ఏ కీలు ఎప్పుడు కదిలిందో పిల్లలే చెప్పాలి. వాణ్ణే కొట్టమన్న. ముందు నవ్విన పిల్లలే లేచి దగ్గరికొచ్చి వాని భుజం, మోచెయ్యి ముట్టి చూశారు. ఆ ముట్టడం నాకు చాలా పెద్ద సంగతి.

సాయంత్రాలు నేర్చుకునే పిల్లలు తయారయ్యారు. అన్ని కులాలవాళ్ళు, ఆడపిల్లలు కూడా. గొడవ రానే వచ్చింది. ఒక పెద్దమనిషి బడికొచ్చి "మా పిల్లగానితోని డప్పు కొట్టిస్తరా?" అన్నాడు. అతనికి జవాబు చెప్పడం సులువే. సైన్సు పాఠమన్న. కష్టమైంది ఇంకొకరికి చెప్పడం. ఆ పిల్లవాని తల్లి వచ్చింది. "మేము మాన్పియ్యాలని సూస్తుంటె మీరే నేర్పిస్తున్రా సార్?" అన్నది. మా అయ్య గొంతే వినబడింది. "అమ్మా, ఎవరి సావుకూ వాణ్ణి బడి మాన్పించి పంపొద్దు. ఎవరు పిలిచినా పంపొద్దు. వాడు కొట్టాలనుకున్ననాడే కొడతడు" అన్న. ఆమె ఆ మాట నిలబెట్టుకున్నది. అందుకోసం ఊళ్ళె మాటలు పడ్డది. వాడిప్పుడు పదో తరగతి. హాజరు పట్టీలో సున్నాలు లేవు.

పోయిన ఏప్రిల్ 14న బడి ముందు పిల్లలందరం కలిసి డప్పు కొట్టినం. అయ్య వస్తాడనుకోలేదు. గేటు అవతల చెట్టు కింద నిలబడ్డడు. మా అయ్య ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉంటది. చిన్నప్పటి నుంచి డప్పు పట్టీ మోసిన గుర్తు. డప్పు వదిలి ఇన్నేండ్లయినా భుజం లేవలేదు. అయిపోయినంక దగ్గరికి పోయిన. ఎట్లుందని అడగలేదు. ఆయన నా వైపు చూడకుండా పిల్లల వైపే చూస్తూ అన్నడు:

"పెద్ద డప్పులు ఏసిండ్రు పోరగాండ్లకు. బుజాలు ఒంగుతయ్. చిన్నయి జేపియ్యి."

మర్నాడే చిన్న డప్పులు ఎనిమిదింటికి చెప్పిన. చట్రాలు వచ్చినయ్. తోలు ఇంకా అతకాలె.